నోట వచ్చిన మాట, బల్ల మీద పడ్డ చిప్: పోకర్‌లో ఆట ఎప్పుడు ఖాయమవుతుంది

(విరాళాల కోసం జరిపే టోర్నమెంట్‌లో మొదటిసారి డీలర్లుగా కూర్చోబోతున్న వాలంటీర్లకు, అమెరికాలో ఒక కార్డ్‌రూమ్‌లో ఫ్లోర్ మీద, అంటే టేబుల్స్ దగ్గర తగాదాలు తేల్చే పర్యవేక్షకుడిగా, పనిచేసే తెలుగు మిత్రుడు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక ఉన్నవాళ్లు కాస్త ముందుకొచ్చి కూర్చోండి. చిప్స్, అంటే డబ్బుకు బదులు వాడే బిళ్లలు, చేత్తో చూపిస్తూ చెప్పాల్సినవి చాలా ఉన్నాయి.

ముక్కలు కలపడం, పంచడం, పాట్ (అందరూ వేసిన పందేల మొత్తం) లెక్క చూడడం మీకు వచ్చేశాయి. ఇవాళ నేను ఒక్క విషయమే మాట్లాడతాను. ఆటగాడు ఏదో అన్నాడు, లేదా ఏదో చేశాడు. అది ఎప్పుడు ఖాయమైనట్టు? ఎంతవరకు వెనక్కి తీసుకోనివ్వాలి? ఫ్లోర్ మీద నన్ను పిలిచే పిలుపుల్లో ఎక్కువ భాగం ఇక్కడే మొదలవుతాయి. "అయ్యో, నా ఉద్దేశం అది కాదండీ" అంటాడు ఒకాయన. "అదే నీ ఉద్దేశం, నేను చూశాను" అంటాడు ఎదురుగా ఉన్నాయన.

రమ్మీ మనందరికీ తెలిసిందే. షో చెప్పి ముక్కలు పరిచాక సెట్టు తప్పిందని తేలితే, "ఉండండి, మళ్లీ సర్దుకుంటా" అంటే ఎవరైనా ఊరుకుంటారా? ఫుల్ కౌంట్ 80 రాసేస్తారు. అక్కడ అతని మనసులో ఏముందని ఎవరూ అడగరు. షో చెప్పాడా, ముక్కలు పరిచాడా, అంతే. పోకర్‌లోనూ మూలం అదే. కానీ పోకర్‌లో ప్రతి వంతులోనూ డబ్బు కదులుతుంది. మాటతో కదులుతుంది, చిప్‌తో కదులుతుంది, ఒక్కోసారి చేతి సైగతో కూడా. అందుకని రూల్స్ ఎక్కువయ్యాయి.

ఒకప్పుడు ఈ రూల్స్ ఒక్కో రూమ్‌లో ఒక్కోలా ఉండేవి. ఒకచోట కాల్ (ఎదుటి పందేనికి సమానంగా పెట్టడం) అనిపించుకున్నది ఇంకోచోట రైజ్ (పందెం పెంచడం) అయ్యేది. 2001లో లాస్ వేగాస్‌లో మాట్ శావేజ్, లిండా జాన్సన్, జాన్ ఫిషర్, డేవ్ లామ్ కలిసి టోర్నమెంట్ డైరెక్టర్స్ అసోసియేషన్ మొదలుపెట్టారు. మనం టీడీఏ అంటున్నది దాన్నే. టోర్నమెంట్ నడిపేవాళ్లు కూర్చుని, రూల్స్ చర్చించి, సవరించుకుంటూ వస్తున్నారు. మన టోర్నమెంట్‌కి కూడా అవే రూల్స్. క్యాష్ గేముల్లో, అంటే టోర్నమెంట్ కాకుండా నేరుగా డబ్బుతో ఆడే ఆటల్లో, బాబ్ సియాఫోనీ రాసిన రాబర్ట్స్ రూల్స్ ఆఫ్ పోకర్ చాలా రూములు వాడుతున్నాయి. ఈ రెండూ కొన్నిచోట్ల వేరుపడతాయి. ఒక ముఖ్యమైన తేడా దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు నేను గట్టిగా నమ్మే మాట చెప్పేస్తాను. ఆట ఖాయమైందా లేదా అనేది తేల్చేటప్పుడు ఉద్దేశం చూడకండి. టేబుల్ మొత్తానికీ ఏం వినపడింది, ఏం కనపడింది, అదే చూడండి. ఈ రోజే పోకర్ నేర్చుకున్న కుర్రాడు చేసినా, ముప్పై ఏళ్లుగా ఆడుతున్న ఘటికుడు చేసినా, ఒకే పనికి ఒకే తీర్పు. ఉద్దేశం లెక్కలోకి వచ్చేది ఆ తర్వాత, అతన్ని మందలించాలా, పెనాల్టీ వెయ్యాలా అన్నప్పుడు. అది ఫ్లోర్ పని, డీలర్ పని కాదు. ఈ రెండూ కలిపేస్తే డీలర్ జాలిపడి ఒకరికి ఒకటి, కోపమొచ్చి ఇంకొకరికి ఇంకొకటి చేస్తాడు. అప్పుడు ఆ టేబుల్‌ని ఎవరూ నమ్మరు.

మాటతో మొదలుపెడదాం. తన వంతు వచ్చినప్పుడు నోటితో స్పష్టంగా చెప్పింది ఖాయం. "కాల్" అన్నాడు, చేతిలో చిప్ కూడా కదల్లేదు. అయినా కాల్ అయిపోయింది. "ఫోల్డ్", అంటే ముక్కలు వదులుకుంటున్నానని, అన్నాడు, ముక్కలింకా చేతిలోనే ఉన్నాయి. ఫోల్డ్ అయిపోయింది. "రైజ్" అని ఊరుకున్నాడు, ఎంతో చెప్పలేదు. కనీస రైజ్ అయినా చెయ్యాల్సిందే, కాల్‌తో సరిపెట్టుకోవడానికి లేదు. మాటా చిప్సూ రెండూ వస్తే ఏది ముందొస్తే అది. రెండూ ఒక్కసారే వస్తే, మాట స్పష్టంగా, సబబుగా ఉంటే మాటకే విలువ.

ఇది చూడండి. ఎదుటివాడి బెట్ 200. ఇతను ఏమీ అనకుండా రెండు 500 చిప్స్ తోశాడు. అవి బల్ల మీద పడ్డాక "కాల్" అన్నాడు. ఏమవుతుంది? చిప్స్ ముందు వచ్చాయి. 1000కి రైజ్. అదే మనిషి "కాల్" అని, తర్వాత అవే రెండు చిప్స్ తోస్తే? కాల్. 800 వెనక్కి ఇవ్వండి. చిప్స్ అవే, చెయ్యి అదే. మాట ఒక్క క్షణం ముందా, వెనకా అన్నదే తేడా. అందుకే మీ కళ్లు చిప్స్ మీదుంటే చెవులు ఆ మనిషి నోటి మీద ఉండాలి.

ఉత్త అంకె చెబితే, ఏమీ మాట్లాడకుండా అంత విలువైన చిప్స్ తోసినట్టే లెక్క. అంకె రెండు రకాలుగా అర్థమయ్యేలా ఉంటే, ఆ బెట్‌కి ముందున్న పాట్‌ని మించని వాటిలో సబబైన పెద్దది తీసుకోండి. బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేలు) 200-400 ఉన్నప్పుడు ఒకరు "ఐదు" అన్నారనుకోండి. ఐదొందలా, ఐదు వేలా తేలకపోతే, పాట్ ఐదు వేలకన్నా తక్కువుంటే ఐదొందలు, ఐదు వేలుగానీ అంతకన్నా ఎక్కువగానీ ఉంటే ఐదు వేలు. ఆడే పద్ధతిలో మాట చెప్పాల్సిన బాధ్యత చెప్పేవాడిదే. బెట్, చెక్ (పందెం వెయ్యకుండా వంతు దాటెయ్యడం), కాల్, రైజ్, ఫోల్డ్, ఆల్-ఇన్ (ఉన్న చిప్స్ అన్నీ పెట్టెయ్యడం), ఇవీ అందరూ ఒప్పుకున్న మాటలు. "సరే", "వస్తున్నా", "చూద్దాంలే" లాంటివి వాడితే ఫ్లోర్ వాటికి ఏ అర్థం ఇస్తే అది పడాల్సి వస్తుంది.

ఇక్కడ మనవాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. మనం తల నిలువుగానూ కాక, అడ్డంగానూ కాక ఒక రకంగా ఊపుతాం. విన్నాను, అర్థమైంది, ఆలోచిస్తున్నాను, అన్నింటికీ అదే. మన ఆదివారం టోర్నమెంట్ టేబుల్స్ మీద మనవాళ్లు కాని అతిథులు కూడా కూర్చుంటారు. వాళ్లు ఆ ఊపుడు చూసి కాల్ అనుకుని ముక్కలు తిప్పేస్తారు. తల ఊపితే మీరు వెంటనే "మాటలో చెప్పండి సార్, కాలా?" అని అడగండి. అడిగే హక్కు మీకుంది, బాధ్యత కూడా. హ్యాండ్ నడుస్తున్నంతసేపూ టేబుల్ మీద ఏ భాష అనుమతించారో ఆ భాషలోనే మాట్లాడాలి. పక్కన కూర్చున్న ఇద్దరు తెలుగులో గుసగుసలాడుకుంటే, అందులో ఏమీ లేకపోయినా మూడోవాడికి అనుమానం రావడం న్యాయం.

ఇప్పుడు అన్నింటికన్నా ఎక్కువ తగాదా తెచ్చేది, ఒకే ఒక్క పెద్ద చిప్.

బ్లైండ్స్ 50-100. వంతు వచ్చినాయన ఒక్క మాట లేకుండా 500 చిప్ ఒకటి ముందుకు వేశాడు. కొత్తవాళ్లందరూ అది రైజ్ అనుకుంటారు. కాదు, కాల్. 400 వెనక్కి. ఎదురుగా బెట్‌గానీ బ్లైండ్‌గానీ ఉన్నప్పుడు ఒంటరి పెద్ద చిప్, మాట లేకపోతే ఎప్పుడూ కాలే. రైజ్ కావాలంటే ఆ చిప్ బల్లకి తగలకముందే "రైజ్" అనాలి. అంకె చెప్పకపోతే ఆ చిప్‌కి ఎంత వస్తుందో అంత, అంటే ఇక్కడ 500కి రైజ్. ఫ్లాప్ (బల్ల మీద అందరికీ తెరిచే మొదటి మూడు ముక్కలు) తర్వాత ఎవరూ బెట్ వెయ్యలేదు, అప్పుడు ఇదే మనిషి మాట లేకుండా ఇదే చిప్ వేస్తే? కాల్ చెయ్యడానికి అక్కడేమీ లేదు కాబట్టి అది 500 బెట్.

ఎందుకిలా పెట్టారంటే, చిల్లర లేక పెద్ద చిప్ వేసేవాళ్లు ప్రతి టేబుల్ మీదా ఉంటారు. అది కాలో రైజో వేసినవాడు తర్వాత తేల్చుకోవచ్చని వదిలేస్తే, వేసి, చుట్టూ ముఖాలు చూసి, తనకు లాభమైనది చెప్పుకుంటాడు. అందరూ అలా చెయ్యరు. చేసేవాడికి దారి ఇవ్వకూడదు. రూల్ ముందే తేల్చేసింది కాబట్టి చిప్ పడ్డాక చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

ఒకటికి మించి చిప్స్ వేస్తే ఇంకో లెక్క. అన్నింటికన్నా చిన్న చిప్ ఒకటి తీసేసి చూడండి. తీసేస్తే కాల్‌కి సరిపోకపోతే, అది కాల్. బెట్ 600, ఇతను మాట్లాడకుండా రెండు 500లు వేశాడు. ఒకటి తీస్తే 500 మిగులుతుంది, చాలదు. కాల్. ఇప్పుడు బెట్ 400 అనుకుందాం. ఇతను 500 ఒకటి, 100 ఒకటి వేశాడు. 100 తీసినా కాల్‌కి సరిపోతుంది, అంటే ఎక్కువ వేశాడు. అప్పుడు సగం రూల్ చూస్తాం. 400 బెట్ మీద కనీస రైజ్ 800కి. పైన వేసింది 200, అంటే ముందు బెట్‌లో సరిగ్గా సగం. సగంగానీ, అంతకన్నా ఎక్కువగానీ వేస్తే కనీస రైజ్ పూర్తి చెయ్యాలి. ఇతను ఇంకో 200 తేవాలి. అదే 500, ఇంకో 50 చిప్ వేసుంటే సగం రాలేదు కాబట్టి కాల్. ఈ లెక్క ఇంటికెళ్లి చిప్స్ పెట్టుకుని చెయ్యండి. టేబుల్ మీద పదిమంది చూస్తుండగా మొదటిసారి చెయ్యకండి.

స్ట్రింగ్ బెట్, అంటే ఆగి ఆగి విడతలుగా వేసే బెట్, దగ్గరికి వద్దాం. సినిమాల్లో చూసే ఉంటారు. హీరో వెయ్యి ముందుకు తోసి, "నీ వెయ్యి చూశా" అని ఆగి, ఎదుటివాడి కళ్లలోకి చూసి, "ఇంకో ఐదు వేలు" అంటాడు. నిజం టేబుల్ మీద అది చెల్లదు. ఆ మొదటి మాటతోనే కాల్ అయిపోయింది. రైజ్ చెయ్యాలంటే మూడే దారులు. మొత్తం ఒకే తోపులో పెట్టాలి. లేదా చిప్స్ కదిపే ముందే మొత్తం ఎంతో చెప్పాలి. లేదా ముందుగా "రైజ్" అనేసి, కాల్‌కి సరిపడా పెట్టి, మిగతాది ఇంకొక్క తోపులో పూర్తి చెయ్యాలి.

ఆ మధ్యలో ఆగే క్షణంలోనే దొంగతనం ఉంది. కాల్ చిప్స్ పడగానే ఎదుటివాడి భుజాలు దిగుతాయి, ఊపిరి వదులుతాడు, లేదా మొహం బిగుసుకుంటుంది. అది చూసి మిగతా చిప్స్ తోసేవాడు ఉచితంగా సమాచారం కొట్టేశాడు. ముఖం చూడడం పోకర్‌లో తప్పు కాదు. తన ఆట సగంలో ఆపి, ఎదుటివాడు అది పూర్తయిందనుకునేలా చేసి, అప్పుడు చూడడం తప్పు. నేను పనిచేసిన చోట ఒకాయన చిప్స్ గుప్పిట్లో పట్టుకుని చెయ్యి జోరుగా ముందుకు తెచ్చేవాడు. ఎదుటి ఆటగాడు కాల్ చేశాడనుకుని ముక్కలు తిప్పగానే చెయ్యి వెనక్కి లాగేసేవాడు. "నేను వదల్లేదుగా" అనేవాడు. అతని బాధితులు ఎప్పుడూ కొత్తవాళ్లే. అలవాటున్నవాళ్లు చిప్స్ కింద పడేదాకా ముక్కలు తిప్పరు కదా. అందుకే చాలా రూముల్లో చిప్స్‌తో ముందుకు వచ్చిన చెయ్యినే ఆటగా లెక్కించే అధికారం ఫ్లోర్‌కి ఉంటుంది. అలాంటి కదలిక చూస్తే మీరు తీర్పు చెప్పకండి, వెంటనే ఫ్లోర్‌ని పిలవండి.

వంతు తప్పి ఆడటం. దీనిమీద వాలంటీర్లకు చాలా భయం ఉంటుందని తెలుసు, కానీ సూత్రం ఒక్కటే. ఏ, బి, సి ముగ్గురు ఉన్నారు. ఇంకా బెట్ లేదు. ఏ వంతు. ఈలోగా సి 1000 బెట్ అనేశాడు. ఆట ఆపి, వెనక్కి ఏ దగ్గరికి తీసుకెళ్లండి. సి చిప్స్ అక్కడే ఉంచండి. ఏ చెక్, బి చెక్ అంటే సి దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి మారలేదు. అతని 1000 బెట్ ఖాయం. వెనక్కి తీసుకోవడానికి లేదు. మధ్యలో బి 500 బెట్ వేస్తే పరిస్థితి మారింది. సి చిప్స్ సి కి ఇచ్చెయ్యండి, కాల్, రైజ్, ఫోల్డ్, ఏదైనా చేసుకోవచ్చు. చెక్, కాల్, ఫోల్డ్ పరిస్థితిని మార్చవు. బెట్, రైజ్ మారుస్తాయి. ఒక్క ఫోల్డ్ మాత్రం వంతు తప్పి చేసినా ఎప్పుడూ ఖాయమే. ముక్కలు వదిలేసినవాడికి మళ్లీ ముక్కలుండవు.

దీన్ని మీరు చూసీచూడనట్టు వదిలేస్తే నష్టపోయేది ఎవరో ఆలోచించండి. వంతు తప్పి "చెక్" అనేవాడి వెనక బలమైన ముక్కలుండొచ్చు, ముందున్నవాళ్లని ధైర్యంగా బెట్ వేయించడానికి అలా అనొచ్చు. వంతు తప్పి పెద్ద బెట్ వేసేవాడు ముందున్నవాళ్లని చెక్ చేయించి, చివరికి "పొరపాటు" అని వెనక్కి తీసుకోవాలని చూడొచ్చు. నిజంగా పొరపాటు చేసినవాడు కూడా ఉంటాడు, ఎక్కువమంది వాళ్లే. తీర్పు ఇద్దరికీ ఒకటే అన్నాను కదా, కారణమిదే.

మరి ఇలా తన వంతు దాటిపోయిన ఆటగాడు నోరు మెదపకుండా కూర్చుంటే? అతనికి చెప్పే వ్యవధి ఉండి కూడా చెప్పకపోతే, తర్వాత తగినంత ఆట జరిగిపోయాక వెనక్కి వెళ్లలేం. తగినంత అంటే, పాట్‌లోకి చిప్స్ తెచ్చిన ఆట ఒక్కటైనా ఉన్న రెండు ఆటలు. లేదా ఏవైనా మూడు ఆటలు. మూడూ చెక్‌లైనా సరే. బ్లైండ్స్ లెక్కలోకి రావు. అక్కడిదాకా వస్తే మీ చేతుల్లో ఏమీ లేదు, ఫ్లోర్‌ని పిలవాల్సిందే.

ఇప్పుడు ముందు చెప్పిన తేడా. నాకు ఇందులో ఒక అభిప్రాయం ఉంది, దాచుకోను.

టీడీఏ ప్రకారం, కాల్ చేసేవాడే ఎదుటి బెట్ ఎంతో సరిగ్గా తెలుసుకోవాలి. డీలర్‌ని "ఎంత?" అని అడిగాడు, డీలర్ తప్పు లెక్క చెప్పాడు, అతను ఆ లెక్క నమ్మి కాల్ చేశాడు. అయినా అసలు మొత్తానికి కాల్ చేసినట్టే. 18,000 ఉన్నదాన్ని మీరు 8,000 అని చెప్పారనుకోండి, నోరు జారింది మీకు, 18,000 పోయేది అతనికి. అన్నిచోట్లా ఉన్నట్టే ఇక్కడ కూడా న్యాయం కోసం ఫ్లోర్ కలగజేసుకోవచ్చు. మొదటి రూల్ ఆ అధికారం ఇస్తుంది. కానీ రూల్ మొగ్గు అటే.

రాబర్ట్స్ రూల్స్ ఇంకొంచెం దయగా ఉంటాయి. ఏ 300 బెట్ వేశాడు, బి 1200కి రైజ్ చేశాడు, సి 300 పెట్టి "కాల్" అన్నాడు. రైజ్ సి కి వినపడలేదని అందరికీ తెలుస్తూనే ఉంది. అప్పుడు సి ఆ 300 వెనక్కి తీసుకుని మళ్లీ ఆలోచించుకోవచ్చు, అతని మాట వల్ల ఇంకెవరికీ నష్టం జరగకపోతే. టీడీఏలో ముందు "కాల్" అనేస్తే పూర్తి 1200కి కాల్ చేసినట్టే; ఏమీ అనకుండా 300 తోస్తే మాత్రం టోర్నమెంట్ డైరెక్టర్ విచక్షణకు వదిలారు. అదే రైజ్ లేకుండా, ఆ రౌండ్‌లో మొదటి బెట్టే 1200 అయ్యి, దానికి 300 పెడితే మటుకు పూర్తి కాల్ చెయ్యాల్సిందే. ఇద్దరే మిగిలి ఉన్నా అంతే.

నా అభిప్రాయంలో కాల్ చేసేవాడి మీద బాధ్యత పెట్టడం సరైనదే. లేకపోతే తక్కువ పెట్టి, ఎదుటివాడి ముక్కలు చూసి, "నేను వినలేదు" అనేవాళ్లు పుట్టుకొస్తారు. కానీ డీలర్‌ని అడిగి, డీలర్ మాట నమ్మి మోసపోయినవాడికి ఆ రూల్ చాలా కఠినం. రూల్ మార్చడం నా చేతుల్లో లేదు. లెక్క సరిగ్గా చెప్పడం మీ చేతుల్లో ఉంది. చిప్స్ రంగుల వారీగా విడదీసి, అందరికీ కనపడేలా పేర్చి, అప్పుడు నోరు తెరవండి. రెండోసారి లెక్కపెట్టడానికి పట్టేది కొన్ని సెకన్లే. టేబుల్ మీద ఎవరూ దానికి విసుక్కోరు, విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

చివర్లో అంతా తిరగబడే ఘట్టం ఒకటుంది, షోడౌన్, అంటే మిగిలినవాళ్లు ముక్కలు చూపించే సమయం. బెట్టింగ్ నడుస్తున్నంతసేపూ నోటిమాట కట్టేస్తుంది. ముక్కలు తిప్పాక నోటిమాటకు విలువ లేదు. ఒకాయన ముక్కలన్నీ తిప్పిపెట్టి "నా దగ్గర జత మాత్రమే" అన్నాడు, మీరు చూస్తే ఫ్లష్ ఉంది. పాట్ అతనిదే. ముక్కలే మాట్లాడతాయి. కావాలని తప్పు చెబితే పెనాల్టీ వేరు. కానీ ముక్కలు తిప్పకుండా మక్‌లోకి, అంటే వదిలేసిన ముక్కల కుప్పలోకి, తోసేస్తే ఎవరూ కాపాడలేరు. 2009 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌లో ఫిల్ ఐవీ గెలిచే ఫ్లష్ చేతిలో పెట్టుకుని గమనించక ముక్కలు వదిలేశాడు. ఆ పాట్ అతనికి రాలేదు. ప్రపంచంలో అతనికన్నా బాగా ఆడేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. కాబట్టి షోడౌన్‌లో ఎవరైనా ముక్కలు మూసి తోయబోతుంటే మీరు తిప్పించకూడదు, సలహా ఇవ్వకూడదు. తిప్పిన ముక్కల్ని మాత్రం మీరు చదివి చెప్పాలి.

ఫ్లోర్‌ని పిలిచేటప్పుడు ఎలా చెప్పాలో కూడా వినండి. ఆట ఆపండి. చిప్స్, ముక్కలు ఎక్కడున్నవి అక్కడే ఉంచండి, సర్దకండి. జరిగింది జరిగిన వరసలో చెప్పండి. "బెట్ 400. ఈయన 1000 చిప్ వేశారు. చిప్ పడ్డాక రైజ్ అన్నారు." ఇంతే. "ఈయన ఎప్పుడూ ఇలాగే చేస్తారు" అనకండి, "పాపం కొత్తవారు" అనకండి. ఆటగాళ్లు మధ్యలో మాట్లాడితే ఫ్లోర్ వచ్చాక వాళ్లనీ అడుగుతారని చెప్పండి.

ప్రశ్నలున్నాయా? అమ్మా, చెప్పండి.

(సభికురాలు: టేబుల్ మీద గీత ఉంది కదండీ, చిప్స్ గీత దాటితే ఖాయమైనట్టేనా?)

మంచి ప్రశ్న. కొన్ని రూముల్లో ఆ గీతే హద్దు, దాటితే ఖాయం. ఇంకొన్ని చోట్ల ఆ గీత డీలర్ చేతికి చిప్స్ అందేలా పెట్టడానికి మాత్రమే. ఏ రూమ్‌లో ఆడితే ఆ రూమ్ రూల్ ముందు అడగాలి. మన దగ్గర అద్దెకు తెచ్చిన టేబుల్స్‌లో కొన్నింటికి గీత ఉంది, కొన్నింటికి లేదు. కాబట్టి ఆదివారం గీతను లెక్కలోకి తీసుకోవడం లేదు. మాట, లేదా ముందుకు తోసి వదిలిన చిప్. ఇది ఆట మొదలయ్యే ముందు ప్రతి టేబుల్‌కీ మీరే నోటితో చెప్పండి, ఆలస్యంగా వచ్చి కూర్చున్నవాళ్లకి మళ్లీ చెప్పండి.

(సభికుడు: ఒకాయన "నువ్వు బెట్ వేస్తే నేను ఆల్-ఇన్" అన్నారనుకోండి, అది కడుతుందా?)

కట్టొచ్చు. "నువ్వు ఇలా చేస్తే నేనలా చేస్తా" అనే మాటలు వాడొద్దని టీడీఏ గట్టిగానే చెబుతుంది. అంటే ఖాయమని తీర్పు రావచ్చు, పెనాల్టీ పడొచ్చు, రెండూ కావచ్చు. మీరు అలాంటి మాట వింటే, ఎదుటివాడు ఆడకముందే ఆట ఆపి నన్ను పిలవండి. ఎదుటివాడు దానికి స్పందించాక పిలిస్తే అప్పటికే ఒకరికి నష్టం జరిగిపోయి ఉంటుంది. సరే, ఇప్పుడు నలుగురు నలుగురుగా టేబుల్స్ దగ్గరికి రండి. పెద్ద చిప్‌తో మొదలుపెడదాం.